కుడి రైలు

సోచా నది వెంబడి, కొండ మలుపుల్లో
పుస్తకాల బస్సు నడుపుతాను.
డ్రైవర్నీ నేనే, లైబ్రేరియన్నీ నేనే,
వానొస్తే కారే చోట బక్కెట్ పెట్టేదాన్నీ నేనే.

ఆ మొదటి పుస్తకానికి
పద్దెనిమిదేళ్ళలో నాలుగుసార్లు అట్ట మార్చాను.
చచ్చిపోయిన మేనమామ రైలు పాసు పట్టుకుని
పదహారేళ్ళ ఇల్కా ఇంట్లో చెప్పకుండా బయల్దేరుతుంది.
బార్ రేవులో ఒక చెప్పు పోతుంది.
బెల్‌గ్రేడ్ స్టేషన్లో ఒక అబద్ధం దొరికిపోతుంది.
ఆఖరి పేజీలో రెండు రైళ్ళు,
అటొకటి, ఇటొకటి, తలుపులు తెరుచుకునే ఉంటాయి.
అంతే. అక్కడితో ఆపేసింది రచయిత్రి.

వెనకట్ట లోపలి తెల్లకాగితం మీద
పిల్లలు పెన్సిల్‌తో రాసేవాళ్ళు:
ఎడమది. కుడిది. ఎడమదే, పందెం.
ఎవరో ఒకరు: టీకి వెళ్ళింది, రెండూ తప్పిపోయాయి.
చెరపాల్సిన ఉద్యోగం నాది. చెరపలేదు.
ఆ ఎడమల్లో ఒకటి
నేను పనిలో చేరిన వారం రాసిందే.

ఈ మార్చిలో రెండోది వచ్చింది.
లావుపాటిది. అట్ట మీద ఇల్కా మొహం వేశారు,
మొదటిదాని మీద వీపే కనిపించేది.
లీవెక్ ఎక్కుడులో బండి పక్కకి ఆపి
చేతి తొడుగులు విప్పకుండానే మొదలుపెట్టాను.
మూడో పేజీలోనే చెప్పేసింది:
కుడిది.

కుడిది తప్పని కాదు.
కుడి రైలుకీ కిటికీలుంటాయి, అవతల పొద్దుతిరుగుడు చేలుంటాయి.
కానీ ఈ ఇల్కా ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒకటి నేర్చుకుంటుంది,
నేర్చుకున్నది మనకి పాఠంలా అప్పజెబుతుంది.
పోయిన చెప్పు కూడా దొరుకుతుంది, నమ్ముతారా,
కడిగి, ఎండబెట్టి, కాగితంలో చుట్టి మరీ.
ఇన్నేళ్ళూ ఒంటి చెప్పుతోనే కదమ్మా
నా బస్సు మెట్లెక్కి దిగావు!

ఒక్కచోట, నూటపన్నెండో పేజీలో,
మూతబడ్డ స్టేషన్లో రాత్రంతా కూర్చుంటుంది.
ఏమీ జరగదు.
ఓ కుక్క వచ్చి సంచి వాసన చూసి
ఇది కాదనుకుని వెళ్ళిపోతుంది.
అక్కడ తొడుగులు తీసేశాను.

తోల్మిన్ ఆఫీసు నుంచి వ్లాస్తా ఫారం పంపింది:
ఇంకో మూడు కాపీలు కొనాలా?
అవును, కాదు. ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి.
కుక్కకి గడి లేదు.

కోబరీద్‌లో జీవా, పదమూడేళ్ళు,
పళ్ళకి తీగ, మోకాలికి కట్టు.
మొదటిది ఎవరి దగ్గరో ఉంది.
అది వచ్చాక చదువుదువుగానిలే అన్నాను. వింటేనా.
రెండోదే చంకన పెట్టుకుని పోయింది.
"రాత్రి రెండింటి దాకా దుప్పట్లో దీపం,"
తర్వాతి వారం వాళ్ళమ్మ ఫిర్యాదు.
ఆ తర్వాత మొదటిది పట్టుకెళ్ళింది.

నిన్న రెండూ నా బల్ల మీద పెట్టింది.
"చెప్పు పోయినప్పుడు మీరంతా ఏడ్చారట కదా.
నాకు నవ్వొచ్చింది.
దొరుకుతుందని నాకు తెలుసు, పాపం తనకే తెలీదు."

కోపం తన్నుకొచ్చింది నాకు.
ఇంతమంది తడిపిన పేజీ అది,
దాన్ని పొడి కళ్ళతో దాటేసింది పిల్ల.
అయినా, తనకే తెలీదు అన్నప్పుడు
దాని గొంతు కాస్త తగ్గిందా,
లేక నాకలా వినిపించిందా?

వెనకట్ట తెరిచి, పెన్సిల్ ఉందా అంది.
"జవాబు చదివేశావుగా?"
"చదివాను," అంటూనే
తీగపళ్ళతో నాలిక కొస నొక్కిపెట్టి
వంకర అక్షరాలతో రాసింది:
ఎడమది.

ఇంజను వేశాను.
రెండోదాని కోసం కింద ఊళ్ళల్లో ఇంకా ఏడుగురు ఆగి ఉన్నారు.
మలుపు మలుపుకీ
స్టీరింగు ముందు ఆ ఫారం
అటు జారుతోంది, ఇటు జారుతోంది.